చుక్క ఆగిన చోటు

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, హామ్ రేడియో పరీక్ష రాసి కాల్‌సైన్, అంటే గాలిలో మన గుర్తింపు పేరు, కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు నమస్కారం. నా గురించి ఉన్నవీ లేనివీ కలిపి పరిచయకర్తలు ఇప్పటికే చెప్పేశారు కనుక నేరుగా ఏపీఆర్‌ఎస్ సంగతికి, అంటే బండ్ల స్థానాన్నీ చిన్న సందేశాలనూ హామ్ రేడియో ద్వారా పంపే ఆటోమేటిక్ ప్యాకెట్ రిపోర్టింగ్ సిస్టమ్ సంగతికి, వస్తాను.

ఇందులోని 'పీ' అక్షరానికి పొజిషన్ అనే అర్థం జనంలో బాగా నాటుకుపోయింది. దీన్ని రూపొందించిన బాబ్ బ్రునింగా, కాల్‌సైన్ డబ్ల్యూబీ4ఏపీఆర్, అమెరికా నౌకాదళ అకాడమీలో పనిచేసినవారు. ఆ అక్షరానికి ప్యాకెట్, అంటే ఒక్క విడతలో పంపే చిన్న సమాచారపు పొట్లం, అని అర్థమనీ, ఇది కేవలం బండ్లను వెతికే ఏర్పాటు కాదనీ, ఆ ప్రాంతంలో ఉన్నవారందరికీ అప్పటికప్పుడు అవసరమైన సమాచారం అటూ ఇటూ అందించేదనీ 2022లో కన్నుమూసేదాకా ఆయన చెబుతూనే ఉన్నారు. ఆయన మాట మనం సగమే విన్నాం.

పని తీరు తేలికే. జీపీఎస్ చెప్పిన అక్షాంశ రేఖాంశాలకు కాల్‌సైన్ చేర్చి, 1200, 2200 హెర్ట్‌జ్ స్వరాలుగా మార్చి, సెకనుకు 1200 బిట్ల (1200 బాడ్) వేగంతో బండిలో పెట్టిన ట్రాకరు అనే చిన్న పరికరం ఒక్క గరగర చప్పుడుగా వదులుతుంది. కొండమీది డిజిపీటరు అనే రిలే రేడియో దాన్ని విని తిరిగి పలుకుతుంది. ఐగేట్ అనే రేడియో కేంద్రం విన్నదాన్ని ఇంటర్నెట్‌కు ఎక్కిస్తుంది. స్థానం చెప్పే ప్యాకెట్టుకు 'అందింది' అనే జవాబు రాదు. ఎవరూ వినకపోయినా ట్రాకరు లైటు మాత్రం నిక్షేపంగా వెలిగి ఆరుతుంది.

ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకోనివ్వండి. కొన్నేళ్ల కిందట విశాఖ నుంచి అరకుకు సాగిన ఒక సైకిల్ యాత్రలో అనంతగిరి దగ్గర మ్యాపు ముందు కూర్చున్నవాణ్ణి నేనే. అందరికంటే వెనక రావలసిన వ్యానును మ్యాపులో చూపే చుక్క టైడా దాటాక ఒక మలుపులో ఆగిపోయింది. పిలిస్తే పలుకు లేదు. పది నిమిషాలు చూసి, లోయలో పడిందేమోనన్న భయంతో, ఉన్న ఒక్క అంబులెన్సునూ కిందికి పంపించాను. ఆ అరగంటలోనే గాలికొండ వైపు ఒక అమ్మాయి సైకిలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అంబులెన్సు వెనక్కి వచ్చేదాకా చెయ్యి చున్నీలో కట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంది. వ్యాను మాత్రం మా గది వెనకే ఉంది. బండితోపాటే రేడియో సెట్టూ ట్రాకరూ ఆపేసి డ్రైవరు ఉప్మా తింటున్నాడు.

చుక్క మీద నొక్కితే చివరిసారి వినిపించిన సమయం కనబడేది. నేను నొక్కలేదు. బండి ఆ మలుపులో ఉందని అది అనలేదు, ఆ మలుపు దాకా వినిపించిందని మాత్రమే అంది. ఆ తర్వాత ఎందుకు వినిపించలేదో తెలుసుకుందామని మర్నాడు కొండెక్కి చూస్తే డిజిపీటరు బ్యాటరీ టెర్మినళ్లు పచ్చని చిలుముతో పూడిపోయి ఉన్నాయి. రెండేళ్లుగా అటు వెళ్లినవారు లేరు.

ఇప్పుడు మనలో ట్రాకరు లేనివారు తక్కువ. ఇంటి ముందు నిలిపిన స్కూటరు కూడా పది సెకన్లకోసారి తన ఉనికి చాటుకుంటోంది. ఒక్కో ప్యాకెట్టు దాదాపు సెకను పాటు అందరూ పంచుకునే ఒక్క చానెల్‌ను ఆక్రమిస్తుంది. డిజిపీటర్లు మళ్లీ పలికితే అది రెట్టింపో మూడింతలో అవుతుంది. పిల్లలూ, ఆగి ఉన్న బండికి అరగంటకోసారి చాలు, దయచేసి ఇళ్లకు వెళ్లగానే సెట్టింగు మార్చండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటూ సెల్‌ఫోన్లూ రోజుల తరబడి ఏమయ్యాయో ఇక్కడున్న పెద్దలకు గుర్తే. అలాంటి రోజున వెబ్‌సైటులోని మ్యాపు తెరుచుకోదు. బ్యాటరీ మీద నడిచే డిజిపీటరూ, దాన్ని నేరుగా వినే రేడియోలూ మాత్రమే మిగులుతాయి. ట్రాకరు కొనేందుకు వెచ్చించినదాంట్లో సగమైనా ఆ బ్యాటరీకి వెచ్చించమని మూడు సమావేశాల్లో అడిగాను, ఇది నాలుగోది.

వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి కొండెక్కుతున్నాం. నిచ్చెన, ఉప్పుకాగితం నేను తెస్తాను. కొత్త బ్యాటరీ బరువైనది, మోయడానికి ఇద్దరు కావాలి. చేతులెత్తండి.