డ్రమ్ముల వైన్ సిర్కా వాసనొస్తుంది సార్ (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్తే. ద్రాక్ష, వైన్ గురించి సార్ మనతోని ఉన్నరు. ధర్మాబాద్ నుంచి, చెప్పండి.

కాలర్: నమస్తే సార్. మా తోటల థాంప్సన్ సీడ్‌లెస్ ఉన్నది, దాంతోటి వైన్ అయితదా?

నిపుణుడు: అయితది గానీ సప్పగ ఉంటది. అది తినేటందుకు, కిస్మిస్‌కు మంచి పండు. వైన్‌కు ఎర్రదైతే షిరాజ్, తెల్లదైతే చెనిన్ బ్లాంక్ పెట్టుకోండి. డాగ్‌రిడ్జ్ అనే ద్రాక్ష రకం వేరు మీద అంటు కట్టిన మొక్కే తీసుకోండి.

కాలర్: మొక్క ఎక్కడ...

యాంకర్: లైన్ల చానామంది ఉన్నరు, థాంక్యూ. దెగ్లూర్ నుంచి?

కాలర్: నమస్తే సార్, ఆగండి టీవీ తగ్గిస్త... ఆ, మాది ముప్పావెకరం షిరాజ్, నేను మా తమ్ముడు కలిసి పెట్టినం, అక్టోబర్ల కటింగ్ చేసినం మార్చిల కోసినం, లైసెన్స్ ఉన్నది, రెండు డ్రమ్ములు పెట్టినం, ఒకటి మంచిగనే ఉన్నది, రెండోదాంట్ల సిర్కా (వెనిగర్) వాసన, నాయిన ఇంకిన్ని రోజులు ఉంచితే సర్దుకుంటది అంటడు...

నిపుణుడు: సర్దుకోదు. డ్రమ్ము నిండుగ ఉన్నదా, వెలితిగ ఉన్నదా?

కాలర్: సగానికి కొంచెం ఎక్కువ. మూతికి గుడ్డ కట్టినం.

నిపుణుడు: అదే. రసం పులిసి పొంగేటప్పుడు గుడ్డ సరిపోతది, గ్యాస్ పైకి తన్నుతది గాలిని రానీయది. పొంగు ఆగినాక ఆ ఖాళీల గాలి చేరుతది, ఆల్కహాల్‌ను సిర్కా చేసే బ్యాక్టీరియాకు కావాల్సింది ఆ గాలే. పొంగు ఆగంగనే తొక్కలు పిండి తీసేసి, మూతిదాక నింపి ఎయిర్‌లాక్, అంటే గ్యాస్‌ను బయటికి పోనిచ్చి గాలిని లోపలికి రానీయని మూత, పెట్టాలె. గాలి తగలొద్దు.

కాలర్: ఇప్పుడు చక్కెర వేస్తే పోతదా సార్?

నిపుణుడు: పోదు. మంచి డ్రమ్ముల కలపకండి, అదీ పోతది. పైపు, గరిటె కూడ వేరే పెట్టుండి. కోసినప్పుడు బ్రిక్స్, అంటే రసంల చక్కెర శాతం, ఎంత?

కాలర్: నోట్ల వేసుకొని చూసినం సార్, తియ్యగనే ఉండె.

నిపుణుడు: అయ్యో, నోటిని నమ్మకండి అన్నా. బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొనుండి. 22 నుంచి 24 వచ్చినాక కోయాలె. ఒక్కో బ్రిక్స్‌కు సుమారు 0.55 శాతం ఆల్కహాల్ లెక్క. 17ల కోస్తే 9 దగ్గర ఆగుతది, అసొంటి వైన్ జల్ది చెడుతది.

కాలర్: సరే సార్. అయితే ఆ పాడైన దాంట్ల, వైన్ చెడకుండ వేసే మెటాబైసల్ఫైట్ వేస్తే?

నిపుణుడు: మళ్ళ అదే అడుగుతున్నరు! ఏం వేసినా వెనక్కి రాదు, సిర్కాగనే వాడుకోండి. పొంగే గదికి కిటికీ ఉన్నదా?

కాలర్: లేదు, చల్లగుంటదని. రాత్రిళ్ళు తమ్ముడు అండ్లనే పండుకునేటోడు.

నిపుణుడు: వద్దు అన్నా, వద్దు! పొంగేటప్పుడు వచ్చే గ్యాస్ కార్బన్ డయాక్సైడ్, దానికి వాసన ఉండదు, గాలికన్నా బరువు, నేల మీదనే పేరుకుంటది. పండుకున్న మనిషి మళ్ళ లేవకపోవచ్చు. వచ్చే పంటకు ముందే కిటికీ కొట్టించి ఫ్యాన్ పెట్టండి.

కాలర్: ఇప్పుడే చెప్త సార్ వానికి.

యాంకర్: థాంక్యూ. బిలోలి నుంచి అమ్మా?

కాలర్: ఆకు మీద పసుపు మచ్చలు సార్, కింద తెల్ల బూజు.

నిపుణుడు: డౌనీ అనే బూజు తెగులు అమ్మా. ఒక శాతం బోర్డో మందు (మైలుతుత్తం, సున్నం కలిపింది) కొట్టండి, తీగలు పలచగ చేస్తే గాలి ఆడుతది. గంధకం మాత్రం కోతకు దగ్గరల కొట్టకండి, వైన్ల కుళ్ళిన గుడ్డు వాసనొస్తది.

యాంకర్: టైమ్ అయిపోయింది సార్.

నిపుణుడు: ఒక్క మాట, దెగ్లూర్ అన్న ఇంకా వింటున్నరేమో, కిటికీ అయ్యేదాక ఆ గదిల పొంగుకు పెట్టొద్దు.