దారిలో తాళం ఎవరు తీస్తున్నారు?

శ్రోతలకు నమస్కారం.

ఫోన్‌లో బ్యాంకు సైటు తెరుస్తాం. కొన్ని బ్రౌజర్లలో చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటుంది. అది కనబడగానే మన పాస్‌వర్డు బ్యాంకుకు తప్ప ఇంకెవరికీ తెలియదని నిశ్చింతగా ఉంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ మధ్యలో ప్రాక్సీ, అంటే మన తరఫున సైటుతో మాట్లాడే మరో కంప్యూటర్ ఉంటే మాత్రం ఒక్క సంగతి తేల్చుకోవాలి. మనం వేసిన తాళం బ్యాంకు దగ్గరే తీస్తున్నారా, దారిలోనే తీస్తున్నారా?

మామూలు ప్రాక్సీ తాళం జోలికి పోదు. బ్రౌజర్ దానికి 'కనెక్ట్' అనే ఆదేశం పంపుతుంది: ఫలానా సైటుకు, 443వ పోర్టుకు (అంటే తాళం వేసిన సైట్లు వాడే ద్వారానికి) దారి ఇవ్వు అని. అది దారి ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది. ఆ తర్వాత రహస్య సంకేతాల ఒప్పందం ఫోనుకూ సైటుకూ మధ్యే జరుగుతుంది. ఏ సైటుకు వెళ్లాం, ఎప్పుడు వెళ్లాం, ఎంత డేటా నడిచింది అన్నవి ప్రాక్సీకి తెలుస్తాయి. ఏ పేజీ చదివాం, ఏం టైపు చేశాం అన్నవి తెలియవు. అంటించిన కవరు మీద చిరునామా చదివినట్టన్నమాట. అయితే చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీ తర్వాత 'ఎస్' లేకపోతే అది కవరు కాదు, పోస్టుకార్డే.

పేజీలను కుదించి పంపే ప్రాక్సీల కథ వేరు. ఒపెరా మినీ బ్రౌజర్‌లో 'ఎక్స్‌ట్రీమ్' పద్ధతి దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. పేజీని ముందు ఒపెరా సర్వరు తెచ్చుకుని, చిన్నది చేసి ఫోనుకు పంపుతుంది. ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే తాళం వేసిన డేటా అర్థంలేని అక్షరాల కుప్పలా ఉంటుంది కాబట్టి దాన్ని విప్పకుండా కుదించడం కుదరదు. అందుకే ఫోను నుంచి సర్వరుకు ఒక తాళం, సర్వరు నుంచి సైటుకు మరో తాళం. మధ్యలో, సర్వరు లోపల, అంతా తెరిచే ఉంటుంది. ఇది మోసమేమీ కాదు, ఆ సంస్థే బహిరంగంగా చెప్పిన విషయం. 2013 జనవరిలో నోకియా ఎక్స్‌ప్రెస్ బ్రౌజర్ కూడా ఇలాగే చేస్తోందని ఒక భద్రతా పరిశోధకుడు బయటపెట్టాడు. తాత్కాలికంగా విప్పుతున్నామని, తమ సిబ్బంది చూడరని నోకియా చెప్పింది. చూడరు సరే, చూడగలరు కదా! కాబట్టి పాస్‌వర్డు కొట్టే ముందు డేటా పొదుపు ఆపేయండి, లేదా ఆ పనికి వేరే బ్రౌజర్ వాడండి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది మూడో రకం. ఏదో వై-ఫై, లేక ఉచిత యాప్, 'ఈ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకోండి' అంటుంది. సర్టిఫికెట్ అంటే ఇక్కడ, ఎవరు ఇచ్చిన సైటు గుర్తింపును నమ్మాలో ఫోనుకు చెప్పే పత్రం. చేసుకుంటే, ఆ సర్టిఫికెట్ రహస్య తాళంచెవి చేతిలో ఉన్న ప్రాక్సీ ఏ సైటు పేరుతోనైనా అప్పటికప్పుడు నకిలీ గుర్తింపు తయారుచేసి చూపగలదు. బ్రౌజర్ నమ్ముతుంది, ఏ హెచ్చరికా చూపదు. ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా యాప్‌లు వాడకందారు చేర్చిన సర్టిఫికెట్లను నమ్మవు కానీ, క్రోమ్ బ్రౌజర్ నమ్ముతుంది.

ఫోన్‌లో అలాంటిది ఉందో లేదో చూడడం తేలికే. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట 'క్రెడెన్షియల్స్' అని కొట్టి, 'ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్' తెరిచి, 'యూజర్' అన్న భాగం చూడండి. మీరెప్పుడూ ఏమీ చేర్చకపోతే అది ఖాళీగా ఉండాలి. ఐఫోన్‌లో జనరల్, తర్వాత అబౌట్, అట్టడుగున 'సర్టిఫికెట్ ట్రస్ట్ సెట్టింగ్స్'. ఆఫీసువాళ్లు ఇచ్చిన ఫోనైతే అందులో వాళ్ల సర్టిఫికెట్ ఉండడం మామూలే. దాన్ని తీయకండి, సొంత పనులకు ఆ ఫోను వాడకండి.

వీపీఎన్, అంటే మన డేటానంతా తమ సర్వరు గుండా పంపే సేవ, పెట్టుకుంటే సరిపోదా అంటారేమో. అది చూసేవాళ్లను మారుస్తుంది, అంతే. నెట్‌వర్కు వాళ్లకు బదులు వీపీఎన్ వాళ్లకు మనం వెళ్లే సైట్లు తెలుస్తాయి. ఆపిల్ 2021లో తెచ్చిన 'ప్రైవేట్ రిలే' ఇక్కడ కాస్త తెలివైన పని చేసింది. తన సఫారీ బ్రౌజర్ డేటాను రెండు ప్రాక్సీల గుండా పంపుతుంది. మొదటిదానికి మనమెవరో తెలుస్తుంది, ఎక్కడికి వెళ్తున్నామో తెలియదు. రెండోదానికి సైటు తెలుస్తుంది, మనం తెలియము.

ఇంకొక చిక్కు. అనుమానపు సర్టిఫికెట్ తీసేశాక ఏ సైటు తెరిచినా 'కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని హెచ్చరిక వస్తుంటే, ప్రాక్సీ ఇంకా మధ్యలోనే ఉండే అవకాశం ఎక్కువ. హెచ్చరికను దాటి ముందుకు పోవద్దు. ఆ వై-ఫై వివరాల్లోకి వెళ్లి ప్రాక్సీని 'నన్' అని, ఐఫోన్‌లో 'ఆఫ్' అని మార్చండి. ఈ సెట్టింగు ఒక్కో వై-ఫైకి విడివిడిగా ఉంటుంది. కాబట్టి అదే సైటు మొబైల్ డేటా మీద సవ్యంగా తెరుచుకుంటే, లోపం ఆ వై-ఫై దారిలోనే ఉంది.