సలూం డెల్టా: పక్షులు, పల్లెలు, ఆల్చిప్పల దిబ్బలు

శీను: నమస్కారం అందరికీ. రికార్డవుతోంది కదా? సరే. ఇవాళ పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్. అక్కడ సలూం నది సముద్రంలో కలిసే సలూం డెల్టాకి వెళ్ళేవాళ్ళు ఏ ఊళ్ళో దిగాలి, ఏం కనిపిస్తాయి, అదీ విషయం. అక్క వెళ్ళొచ్చింది, అక్కే చెప్తుంది.

మాధవి: గబగబా చెప్పేస్తాను. ఉత్తరం వైపు అయితే పాల్మారిన్, న్దంగాన్. దక్షిణం వైపు తూబాకూతా. పడవెక్కి మడ అడవుల మధ్య పాయల్లోకి వెళ్ళాలి, అక్కడివాళ్ళు బోలాంగ్ అంటారు. పెలికాన్లు, ఫ్లెమింగోలు, మనిషి భుజం దాకా వచ్చే గోలియత్ కొంగ, చలికాలంలో యూరప్ నుంచి వచ్చే ఆస్ప్రేలు, అంటే చేపలు పట్టే గద్దలు. పక్షుల దీవిలో టెర్న్‌లనే సముద్రపు పక్షులు వేల జతలు గుడ్లు పెడతాయి. పాల్మారిన్ వైపు రాత్రిళ్ళు హైనాలు తిరుగుతాయి. నీళ్ళలో బతికే పెద్ద క్షీరదం మనాటీ కూడా ఉంది గానీ, చూపిస్తామని ఏ పడవవాడూ మాటివ్వడు.

శీను: నీళ్ళ సంగతి చెప్పకుండా పక్షుల్లోకి వెళ్ళిపోయావు.

మాధవి: వచ్చేసింది ఉప్పు!

శీను: రాదా మరి? మన గోదావరిలో సముద్రం నుంచి పైకి పోయేకొద్దీ నీళ్ళు చప్పబడతాయి. సలూంలో పైకి పోయేకొద్దీ ఉప్పు పెరుగుతుంది! సముద్రంలో లీటరుకు 35 గ్రాములుంటే, పైనున్న కావోలక్ ఊరి దగ్గర ఎండాకాలంలో 100 దాటుతుంది. పైనుంచి మంచినీళ్ళు దాదాపు రావు. లోపలికొచ్చిన సముద్రపు నీళ్ళు ఎండకి ఆవిరవుతూ ఉంటాయి. 1970లలో కరువొచ్చి ఆ వచ్చే కాసినీ తగ్గాయి, మడ చెట్లు ఎకరాలకెకరాలు ఎండిపోయాయి.

మాధవి: ఆ ఒక్కటీ అవసరమే, ఒప్పుకుంటా. ఇప్పుడు మూత పెట్టు, నేను దిబ్బల గురించి చెప్పాలి. తూబాకూతా దగ్గర డియోరాన్ బూమక్ అని ఉంది. దూరం నుంచి మామూలు దీవి, పైన పెద్ద పెద్ద బావోబాబ్ చెట్లు. దిగి అడుగేస్తే కింద మట్టి లేదు. అంతా ఆల్చిప్పలే. మనుషులు వందల ఏళ్ళు తిని పారేసిన చిప్పలు! ఈ డెల్టాలో అలాంటి దిబ్బలు 218. కొన్ని వందల మీటర్ల పొడవు. 28 దిబ్బల మీద సమాధులున్నాయి. 2011లో యునెస్కో ఈ డెల్టాని వారసత్వ జాబితాలో చేర్చింది ముఖ్యంగా వీటిని చూసే.

శీను: అంటే జంతువుల కోసం కాదా?

మాధవి: మనుషులు బతికిన తీరు కోసం. అందుకే నాకు "మనిషి చెయ్యి పడని ప్రకృతి" అని రాసే టూర్ బ్రోచర్లంటే కోపం. రెండు వేల ఏళ్ళుగా చెయ్యి పడుతూనే ఉంది కదా. ఇప్పటికీ సముద్రపు నీళ్ళు వెనక్కి పోయే వేళకి ఆడవాళ్ళు బురదలోకి దిగి గుల్లలు ఏరతారు, ఉడకబెడతారు, ఎండబెడతారు, సంతకి పంపుతారు. అక్కడే ఉత్తరం వైపున్న ఫాదియూత్ దీవిలో అయితే ఊరికి ఊరే చిప్పల మీద ఉంది. అక్కడి స్మశానంలో క్రైస్తవులు, ముస్లింలు పక్కపక్కనే ఉంటారు.

శీను: మనవాళ్ళైతే ఆ చిప్పలన్నీ గుల్లసున్నానికి కాల్చేసేవాళ్ళు. సరే గానీ, మడ చెట్లు మళ్ళీ నాటారు కదా, అది మంచి కబురు. ఓసియానియం అనే సెనెగల్ పర్యావరణ సంస్థ, యూరప్ కంపెనీల డబ్బు, సలూంలో, సెనెగల్ దక్షిణాన ఉన్న కాసమాన్స్‌లో కలిపి దాదాపు 8 కోట్ల మొక్కలు. ఊళ్ళవాళ్ళే నాటారు.

మాధవి: ఆ కంపెనీలకి కార్బన్ క్రెడిట్లు వస్తాయి, అంటే చెట్లు పీల్చే కార్బన్‌ని తమ పొగ లెక్కలో తగ్గించి చూపించుకోవచ్చు. అదీ చెప్పు.

శీను: వస్తే రానీ! చెట్టు నిలబడింది కదా? కోరంగి అడవి లేకపోతే మా కాకినాడ సంగతేంటో మా అమ్మమ్మనడుగు.

మాధవి: చెట్టు వద్దన్నానా? ఎక్కడ నాటారన్నదే నా ప్రశ్న. ఖాళీగా కనిపించే బురద ఖాళీ కాదు, శీనూ. గుల్లలు దొరికేది ఆ బురదలోనే. అక్కడ వరసగా ఉప్పుపొన్న అనే మడ చెట్టు నాటేస్తే అడవి పెరుగుతుంది, గుల్లలు ఏరే ఆవిడ బుట్ట ఖాళీ అవుతుంది. వేరే జాతులు పెరిగే చోట కూడా అదే నాటితే ఇంకా నష్టం.

శీను: కానీ ఆల్చిప్పలు ఆ ఊతవేళ్ళకే పట్టుకుంటాయి. చెట్టు లేకపోతే అవీ లేవు. పైగా ఆ చిప్పల కోసం వేళ్ళు నరికిందీ ఊళ్ళవాళ్ళే.

మాధవి: నరికారు. వేరు నరక్కుండా కోయడం నేర్చుకున్నదీ వాళ్ళే. తూబాకూతా వైపున్న బాంబూంగ్ పాయ చూడు. 2004లో అక్కడ వేట ఆపారు, కాపలా ఊళ్ళవాళ్ళదే, అతిథుల గుడిసెలు నడిపేదీ వాళ్ళే. నిర్ణయం ఊళ్ళో జరిగితే నాకు ఏ పేచీ లేదు. ఎవరో ఆఫీసులో మ్యాప్ మీద రంగు వేస్తేనే టెన్షన్.

శీను: ...అది సబబే. అయినా డబ్బు లేకుండా అంత పని జరిగేది కాదని నేనంటా.

మాధవి: అను. మన శ్రోతల గ్రూపులో అప్పుడే టైప్ చేస్తున్నారు చూడు.

శీను: డెల్టా ముఖం దగ్గరున్న సంగోమార్ ఇసుక తిన్నె తెగింది చెప్పవా? అది నాకు మనసులో గుచ్చుకుంటుంది.

మాధవి: 1987 ఫిబ్రవరి 27న సముద్రం ఆ ఇసుక తిన్నెని తెంచేసింది. గండి ఏళ్ళ తరబడి పెరుగుతూనే పోయింది. అక్కడి సెరేర్ జనానికి ఆ కొస పవిత్రమైన చోటు, పూర్వీకుల ఆత్మలు అక్కడ కలుస్తాయని నమ్మకం. 2024లో అదే పేరున్న చమురు క్షేత్రం నుంచి సముద్రంలో ఉత్పత్తి మొదలైంది.

శీను: ఆ పేరే పెట్టారా? ... మా కాకినాడ ముందు కూడా అలాంటి తిన్నే ఉంది. ఉప్పాడ వైపు ఏటా ఒడ్డు కొట్టుకుపోతుంటే... సరే. వినేవాళ్ళు అడిగారు, ఏ నెలలో వెళ్ళాలి?

మాధవి: నవంబర్ నుంచి మే దాకా వానలుండవు. పక్షులకి జనవరి మంచిది.

శీను: అంటే ఉప్పు పెరిగే నెలలే.

మాధవి: ఉప్పు మాట ఇక చాలు, శీనూ!

శీను: ఆపేశా, ఆపేశా. టీకా?

మాధవి: ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. కనీసం పది రోజుల ముందు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులో ఆ కార్డు అడుగుతారు. మలేరియా మాత్రలు కూడా డాక్టర్ని అడిగి...

శీను: అక్కా, నీ మైకు బ్యాటరీ ఎర్రగా వెలుగుతోంది.

మాధవి: అయ్యో, పడవ బేరం ఇంకా చెప్పనే లేదు, అది మాత్రం ఎక్కే ముందే...