కొత్త ట్రైప్లై కడాయి మన చేపల పులుసుకు పనికొస్తుందా?

నమస్కారమండీ. ఇదిగో, ఇది ట్రైప్లై స్టీలు కడాయి. ఈ మధ్య నెల్లూరు ట్రంకు రోడ్డులో పాత్రల షాపుకి వెళ్తే ముందు ఇదే తీసి చూపిస్తున్నారు. రేటు మాత్రం మామూలు స్టీలు గిన్నె కంటే బాగా ఎక్కువ. అంత పెట్టొచ్చా లేదా అన్నది ఈరోజు చేపల పులుసు పెట్టి తేలుద్దాం. మన వైపు ఏ పాత్రకైనా అదే గట్టి పరీక్ష. చింతపండు పులుపు పడాలి, ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, మిగిలింది మర్నాటిదాకా అందులోనే ఉండాలి.

ముందు ట్రైప్లై అంటే ఏంటో చూద్దాం. పైనా కిందా స్టీలు, మధ్యలో అల్యూమినియం. స్టీలు పులుపుకి తట్టుకుంటుంది కానీ వేడిని సరిగా పాకనివ్వదు. అందుకే పల్చటి స్టీలు గిన్నెలో మంట తగిలిన చోటే మసాలా మాడుతుంది. అల్యూమినియం స్టీలు కంటే పది రెట్లకు పైగా బాగా వేడిని పంచుతుంది. కానీ చింతపండు పులుసు నేరుగా తగిలితే ఆ లోహం కొంచెం కొంచెంగా కూరలోకి దిగుతుంది. ఈ రెండు ఇబ్బందులూ లేకుండా చేసిందే ఈ మూడు పొరల ఏర్పాటు. ఆలోచన మంచిదే.

అయితే షాపులో ఒకటి గమనించండి. అడుగున మాత్రమే ఒక మందపాటి బిళ్ళ అతికించి దాన్నీ ట్రైప్లై అనే అమ్మేస్తుంటారు. కడాయి తిరగేసి, అడుగు పక్క గోడని కలిసే చోట వేలితో తడమండి. మెట్టులా తగిలితే అతికించిన బిళ్ళే. నా చేతిలో ఉన్న దీనికి ఎక్కడా మెట్టు లేదు, పై అంచు దాకా మూడు పొరలూ ఉన్నాయి. ఐఎస్ఐ గుర్తు కూడా చూడండి. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఆ గుర్తు తప్పనిసరి అని 2024లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. స్టీలు పాత్రల మీద ఐఎస్ 14756 అన్న నంబరు ఉండాలి.

ఇప్పుడు వేడి సంగతి. పొడి కడాయిలో బొంబాయి రవ్వ పల్చగా పరిచి, చిన్న మంట మీద పెట్టి కదపకుండా వదిలేస్తున్నాను. కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. పక్క పొయ్యి మీద పల్చటి స్టీలు గిన్నెలో బర్నరు ఆకారంలో గుండ్రంగా నల్లటి వలయం పడిపోయింది, మధ్యలో రవ్వ ఇంకా తెల్లగానే ఉంది. ఇందులో మొత్తం ఒకే లేత గోధుమ రంగు. రవ్వ గుప్పెడు చాలు, మీ ఇంట్లో ఉన్న గిన్నెలకు కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు.

నాకు అన్నిటికంటే ముఖ్యం పిడి. పులుసులో ముక్కలు వేశాక మనం ఏం చేస్తాం? మసిగుడ్డతో రెండు పక్కలా పట్టుకుని గిన్నెనే గుండ్రంగా తిప్పుతాం. గరిటె పెడితే బొమ్మిడాయిలైనా వంజరమైనా ముక్క విరిగిపోతుంది. కాబట్టి ఒకటే పొడుగు పిడి ఉన్న పాన్ ఎంత ఖరీదైనదైనా ఈ పనికి వద్దండీ. దీనికి రెండు చెవులున్నాయి, బాగుంది. కానీ ఇక్కడ చూడండి, చెవిలో నా వేళ్లు పడుతున్నాయి, మడత పెట్టిన గుడ్డతో పట్టుకుంటే మాత్రం పట్టడం లేదు. మంట మీద ఇది స్టీలు పిడి, కాలుతుంది. ఇది డిజైన్ చేసినవాళ్లు కాలుతున్న పాత్రని పట్టుకుని చూసి ఉండాల్సింది. షాపుకి వెళ్లేటప్పుడు ఒక చేతిగుడ్డ తీసుకెళ్లి పట్టుకుని చూడండి, సిగ్గుపడక్కర్లేదు.

వెడల్పు సరిపోయింది, కిలో ముక్కలు ఒకే వరసలో పడతాయి. మూత గాజుది, పర్వాలేదు. లోపల చెవులు బిగించిన రివెట్ల చుట్టూ మసాలా ఇరుక్కుంటుంది, పాత టూత్‌బ్రష్‌తో తోముకోవాలి.

సరే, పొయ్యి వెలిగిద్దాం. ఖాళీ కడాయి వేడెక్కాక నాలుగు నీటి చుక్కలు చల్లండి. బుసబుసమని ఆవిరైపోతే ఇంకా కాలాలి. ముత్యాల్లా జారుతూ తిరిగితే మంట తగ్గించి నూనె పోయండి, అప్పుడు ఉల్లిపాయ అడుగంటదు. ఇక పులుసు మీరెలా పెడతారో అలాగే. ఉప్పు మాత్రం చన్నీళ్లలో వేయకండి, అడుగున పేరుకుని స్టీలు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. పులుసు తెర్లాక వేసి కలపండి. ఆ తర్వాత ముక్కలు, మామిడికాయ.

పొయ్యి కట్టేశాక మట్టి చట్టిలో పులుసు కాసేపు అలా కుతకుతలాడుతూనే ఉంటుంది. ఇందులో తొందరగా చల్లబడుతుంది. అందుకని రెండు నిమిషాలు ఎక్కువ ఉంచాను. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున చూస్తే పులుసు రంగు మారలేదు, లోహపు వాసన కూడా లేదు.

ఇంట్లో మంచి మట్టి చట్టి ఉంటే దాన్ని పక్కన పెట్టి ఇది కొనక్కర్లేదు. అల్యూమినియం గిన్నెలో పులుసు పెడుతున్నవాళ్లు మాత్రం తప్పకుండా మారండి. ఇదే కంపెనీది కాకపోయినా ఫర్వాలేదు, గుడ్డ పట్టేంత పెద్ద చెవులున్నది ఎంచుకోండి.