సెఫ్ క్లస్టర్ అప్‌గ్రేడ్: కమాండ్ కొట్టే ముందు ఏం చూసుకోవాలి?

నమస్కారం అండి, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియోలో ఒక సెఫ్ స్టోరేజ్ క్లస్టర్‌ని అప్‌గ్రేడ్‌కి సిద్ధం చేద్దాం. సెఫ్ అంటే చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే స్టోరేజ్‌గా నడిపే సాఫ్ట్‌వేర్. అప్‌గ్రేడ్ మొదలవ్వడానికి ఒక్క కమాండ్ చాలు. అసలు పనంతా దానికి ముందే ఉంటుంది, ఎందుకంటే కొత్త వెర్షన్‌కి వెళ్లాక పాతదానికి తిరిగి రాలేం. తిరుమల ఘాట్ రోడ్డులో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కదా. ఎక్కే దారిలో సగం వెళ్లాక బండి వెనక్కి తిప్పనివ్వరు. ఇక్కడైతే దిగే దారే లేదు.

స్క్రీన్ మీద ఉన్నది ఐదు సర్వర్ల క్లస్టర్. మూడు మానిటర్లు ఉన్నాయి, అంటే క్లస్టర్ స్థితిని కనిపెట్టుకుని ఉండే సర్వీసులు. ప్రస్తుతం క్విన్సీ, అంటే వెర్షన్ 17. మనం వెళ్లాల్సింది స్క్విడ్, వెర్షన్ 19. ఒకేసారి రెండు రిలీజ్‌ల వరకు ఎక్కవచ్చు కాబట్టి నేరుగా వెళ్లిపోవచ్చు. మీది పసిఫిక్, అంటే 16 అయితే మాత్రం మధ్యలో 17 దగ్గరో 18 దగ్గరో ఆగి, అక్కడ అంతా బాగుందని చూసుకున్నాకే మళ్లీ కదలాలి. పాత క్లస్టర్లున్న వాళ్లు ఇంకొకటి చూడాలి. డిస్కుల్లో ఎక్కడైనా ఫైల్‌స్టోర్, అంటే డేటా రాసే పాత పద్ధతి, మిగిలి ఉందా? రీఫ్ నుంచి, అంటే 18 నుంచి దానికి సపోర్ట్ లేదు. ముందే కొత్త పద్ధతి బ్లూస్టోర్‌లోకి మార్చుకోండి.

ఇప్పుడు క్లస్టర్ స్థితి చూపించే కమాండ్, సెఫ్ హైఫన్ ఎస్ కొడుతున్నాను. హెల్త్ ఓకే అని రావాలి. వార్నింగ్ వస్తే "చిన్నదే కదా" అని దాటేయకండి. సెఫ్ హెల్త్ డీటెయిల్ కొట్టి కారణం చదవండి. ఇదిగో, ఇక్కడ క్లాక్ స్క్యూ అని వచ్చింది. మానిటర్ల గడియారాల మధ్య 0.05 సెకన్ల కంటే ఎక్కువ తేడా వస్తే సెఫ్ ఇలా హెచ్చరిస్తుంది. గడియారాల్ని సరిచేసే క్రోనీ సర్వీస్ ఆగి ఉంది. స్టార్ట్ చేశాను, కాసేపట్లో వార్నింగ్ పోతుంది. మూడు మానిటర్లలో రెండు ఉంటేనే కోరం, అంటే పని సాగడానికి కావాల్సిన మెజారిటీ. అప్‌గ్రేడ్‌లో ఒక్కో మానిటర్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి, మూడూ బాగున్నప్పుడే దిగాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఖాళీ స్థలం లెక్క మీద. సెఫ్ డీఎఫ్ చూడండి, క్లస్టర్ 75 శాతం నిండింది. ఇంకా పావు వంతు ఖాళీ ఉందిలే అనిపిస్తుంది. కానీ ఐదు సర్వర్లలో ఒకటి పూర్తిగా పోయిందనుకోండి. దాని డేటా కూడా మిగిలిన నాలుగింటి మీదే పడుతుంది. 75ని ఐదుతో హెచ్చించి నాలుగుతో భాగిస్తే దాదాపు 94 శాతం. మామూలు సెట్టింగుల్లో 85 దగ్గర వార్నింగ్ వస్తుంది, 90 దగ్గర డేటా సర్దుబాటు ఆగిపోతుంది, 95 దగ్గర రాతలే ఆగిపోతాయి. అంటే సర్వర్ పోతే ఈ క్లస్టర్ తనంతట తాను కోలుకోలేదు. ఇలాంటప్పుడు నేనైతే అప్‌గ్రేడ్ వాయిదా వేసి, పాత స్నాప్‌షాట్లు తీసేయడమో డిస్కులు కలపడమో చేస్తాను. అప్‌గ్రేడ్ అంటే ఒక్కో ముక్కని మనమే కావాలని ఆపడం. ఒక ముక్క లేకపోయినా తట్టుకోగలదా అన్నదే ప్రశ్న.

అదే ప్రశ్న పూల్స్‌కీ, అంటే డేటాని విడివిడిగా ఉంచే విభాగాలకీ వేయండి. సైజ్ అంటే ఎన్ని కాపీలు, మిన్ సైజ్ అంటే పని సాగడానికి కనీసం ఎన్ని కాపీలు ఉండాలి అని. సైజ్ మూడు, మిన్ సైజ్ రెండు ఉంటే నిశ్చింత. సైజూ రెండే, మిన్ సైజూ రెండే అయితే ఒక డిస్క్ సర్వీస్, అంటే డిస్క్‌ని నడిపే ఓఎస్‌డీ, ఆపగానే ఆ పూల్‌లో పని నిలిచిపోతుంది. అందుకే అప్‌గ్రేడ్ చేసే టూల్ సెఫ్ ఏడీఎం దాన్ని ఆపడానికి ఒప్పుకోదు, అప్‌గ్రేడ్ అక్కడే కూర్చుంటుంది. అప్‌గ్రేడ్‌ని నడిపించే మేనేజర్ సర్వీసులు కూడా రెండు ఉండాలి, ఒకటి పనిలో, ఒకటి స్టాండ్‌బైలో. ముందు అప్‌గ్రేడ్ అయ్యేవి అవే.

కంటైనర్ ఇమేజ్‌ని, అంటే కొత్త వెర్షన్ సెఫ్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని, ముందురోజే అన్ని సర్వర్లలోకీ దించి పెట్టుకోండి. కాన్ఫిగరేషన్, ఏ డేటా ఏ డిస్కుల్లోకి వెళ్లాలో చెప్పే క్రష్ మ్యాప్, వీటి కాపీలు క్లస్టర్ బయట దాచండి. ముఖ్యమైన డేటాకి వేరే చోట బ్యాకప్ తప్పదు. మూడు కాపీలు ఉండటం బ్యాకప్ కాదు. మీరు డిలీట్ చేస్తే మూడూ పోతాయి.

తేదీ సంగతి. మన ఊళ్లో గంగమ్మ జాతర, బ్రహ్మోత్సవాల రోజుల్లో పెట్టుకోవద్దు. రోడ్లు, సెలవులు రెండూ ఇబ్బందే. నవంబర్ వానలు కూడా గుర్తుంచుకోండి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూశాం. సర్వర్ రూమ్‌కి మనిషి చేరలేని రోజు వస్తే రిమోట్ కన్సోల్ ఒక్కటే దిక్కు. దాని పాస్‌వర్డ్ పనిచేస్తోందో లేదో ఈరోజే లాగిన్ అయి చూడండి. యూపీఎస్ బ్యాటరీలు కూడా.

చివరగా నోఅవుట్ ఫ్లాగ్. ఏదైనా డిస్క్ సర్వీస్ 600 సెకన్లు కనిపించకపోతే సెఫ్ దాన్ని బయటకు తీసేసి డేటా తరలించడం మొదలుపెడుతుంది. రీబూట్ ఆలస్యమైతే అనవసరంగా టెరాబైట్లు కదులుతాయి. అలా తీసేయకుండా ఆపడానికే ఈ కమాండ్: సెఫ్ ఓఎస్‌డీ సెట్ నోఅవుట్. పూల్స్‌లో డేటా ముక్కల సంఖ్యని తనంతట తాను మార్చే ఆటోస్కేలర్‌నీ ఆపాను.

మళ్లీ సెఫ్ హైఫన్ ఎస్. నోఅవుట్ పెట్టాం కాబట్టి ఆ ఒక్క వార్నింగ్ కనిపిస్తుంది. ఇంకేమీ ఉండకూడదు. ఇందాకటి ఖాళీ స్థలం సమస్య కూడా తీరాకే సెఫ్ ఆర్క్ (orch) అప్‌గ్రేడ్ స్టార్ట్, వెర్షన్ 19. అయిపోయాక సెఫ్ వెర్షన్స్‌లో అన్నీ 19 అని చూపించాకే నోఅవుట్ తీసేయండి, ఆటోస్కేలర్ తిరిగి ఆన్ చేయండి.