వెదర్ యాప్ రూపం మారితే వాన లెక్కే తప్పినట్టు ఎందుకు అనిపిస్తుంది?

[మొదటి షాట్: ఒక చేతిలో తడి బట్టల బకెట్, ఇంకో చేతిలో ఫోన్. బొటనవేలు స్క్రీన్ మీద ఎక్కడ నొక్కాలో తెలియక గాల్లో ఆగిపోయి ఉంది]

మొన్న పొద్దున బట్టలు ఉతికి బకెట్ పట్టుకుని నిలబడ్డాను. బయట తీగ మీద ఆరేయాలా, లోపల స్టాండ్ మీద వేయాలా, తేల్చుకోవాల్సింది అంతే. ఇంకో చేత్తో వెదర్ యాప్ తెరిచా. బొటనవేలు దానంతటదే కింద ఎడమ మూలకి వెళ్లింది, గంటగంటకీ వాన సంగతి చూపించే చోటికి. అక్కడ ఇప్పుడు గాలి నాణ్యత ఉంది, పెద్ద గుండ్రటి పచ్చ మీటర్‌తో సహా. రాత్రి అప్‌డేట్ అయిందట. గంటల లెక్క ఎక్కడికి పోయిందా అని రెండుసార్లు స్క్రోల్ చేస్తే ఒక నీలం గీత కనిపించింది, అది వాన పడే అవకాశమో, ఎంత పడుతుందో అర్థం కాలేదు, విసుగొచ్చి బయటే ఆరేశా. మధ్యాహ్నం మళ్లీ ఉతుక్కున్నా.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఏంటంటే, "ఈ యాప్ వాన గురించి తప్పు చెప్పింది." నిజానికి తప్పు చెప్పలేదు. 70 శాతం అని అక్కడే రాసి ఉంది, నాకు కనిపించలేదంతే. డిజైన్ మారినప్పుడల్లా జనం "అంచనాలు పాడైపోయాయి" అని గోల చేయడం వెనక ఉన్నది ఇదే, ఈ వీడియో కూడా దీని గురించే.

[తెర మీద: ఆస్ట్రేలియా మ్యాప్, దాని మీద రాడార్ బొమ్మ]

ఈ మధ్య జరిగిన పెద్ద గొడవతో మొదలుపెడదాం. 2025 అక్టోబర్ 22న ఆస్ట్రేలియా వాతావరణ శాఖ, అంటే బ్యూరో ఆఫ్ మెటియరాలజీ, తన వెబ్‌సైట్‌ని కొత్త రూపంలో తెచ్చింది. పాత సైట్ చూడ్డానికి ఏమంత బాగుండేది కాదు, పాతకాలపు మెనూలు, చిన్న చిన్న లింకులు. అయినా జనం ఏళ్ల తరబడి దాన్ని కళ్లు మూసుకుని వాడేవాళ్లు. కొత్తది రాగానే తిట్లు మొదలయ్యాయి. రైతులు తమకు కావాల్సిన చోటి సమాచారం దొరకట్లేదన్నారు, క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్ర ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న డేవిడ్ క్రిసఫుల్లీ కూడా బహిరంగంగానే విమర్శించాడు. అన్నిటికన్నా ఎక్కువగా తిట్టించుకున్నది రాడార్ రంగులు. తుఫాను గాలీ వానా ముంచుకొస్తుంటే మ్యాప్‌లో అది మామూలు వానలా కనిపిస్తోందని జనం మండిపడ్డారు. కొన్ని రోజులకే శాఖ పాత రాడార్ రూపాన్ని వెనక్కి తెచ్చింది. ఆ తర్వాత ఖర్చు బయటపడింది. మొదట అందరికీ తెలిసిన లెక్క 41 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు, వెనక ఉన్న సాఫ్ట్‌వేర్ నిర్మాణం, భద్రతా పరీక్షలూ అన్నీ కలిపితే తేలింది 9 కోట్ల 65 లక్షలు. ఇంక ఆ మంట ఎక్కడ ఆరుతుంది!

రంగులు మారితే ఇంత రాద్ధాంతమా అని అనుకోవచ్చు. అందుకే రాడార్ బొమ్మ ఎలా తయారవుతుందో ఒక నిమిషం చూద్దాం.

[తెర మీద: రాడార్ తిరుగుతూ, మేఘంలోని చినుకులకు తగిలి వెనక్కి వస్తున్న తరంగాలు]

రాడార్ వానను కొలవదు. తరంగాలు పంపిస్తుంది, చినుకులకు తగిలి ఎంత బలంగా వెనక్కి వచ్చాయో కొలుస్తుంది. ఆ బలాన్ని డీబీజెడ్ అనే కొలతలో చెప్తారు. ఇది లాగరిథమ్ స్కేలు, అంటే 10 పెరిగితే వెనక్కి వచ్చిన తరంగం బలం 10 రెట్లు పెరిగినట్టు. దీన్నుంచి వాన ఎంతో అంచనా వేయడానికి మార్షల్, పామర్ అనే ఇద్దరి పేరు మీద ఒక పాత సూత్రం ఉంది. దాని ప్రకారం 40 డీబీజెడ్ దగ్గర గంటకు సుమారు 11, 12 మిల్లీమీటర్ల వాన. 50 దగ్గర సుమారు 49. అంటే స్కేలు మీద ఒక్క మెట్టు ఎక్కితే వాన నాలుగింతలు.

ఇప్పుడు ఆ మెట్టుకి ఏ రంగు వేయాలన్నది డిజైనర్ చేతిలో ఉంది. 40 దగ్గర పసుపు, 50 దగ్గర ముదురు ఎరుపు వేశారనుకోండి, పదేళ్లు చూసినవాడు ఎరుపు కనిపించగానే కారు షెడ్డులోకి తోసేస్తాడు, అంకె చదవడు. రేపు అదే 50కి నారింజ రంగు వేసి, ఎరుపుని 55కి జరిపారు, ఏ రంగు ఏ అంకెకో చెప్పే సూచిక కూడా పక్కన చక్కగా పెట్టారు. సాంకేతికంగా తప్పేం లేదు. కానీ ఆ మనిషి సూచిక చూడడు, ఎందుకంటే ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చూడాల్సిన అవసరం రాలేదు. నారింజే కదా అని కారు బయటే వదిలేస్తాడు. రంగు మార్చడమంటే థర్మామీటర్ మీది గీతలు చెరిపి కొత్తగా గీయడమే. దాన్ని "కొత్త లుక్" అని పిలిస్తే జనానికి ఒళ్లు మండదా మరి.

అదే శాఖ 2013 జనవరిలో ఉష్ణోగ్రత మ్యాప్‌కి కొత్త రంగులు చేర్చింది. 50 డిగ్రీలు దాటే వేడి కోసం ముదురు ఊదా, గులాబీ. అప్పుడు ఉన్న రంగుల అర్థం మార్చలేదు, పైన రెండు మెట్లు కట్టారంతే. దానిమీద చర్చ చాలా జరిగింది గానీ, అదంతా ఎండల గురించే, మ్యాప్ చదవలేకపోతున్నామని కాదు.

[తెర మీద: వెనక్కి వాలిన బ్రిటన్ మ్యాప్, పైభాగం చిన్నగా]

ఇంకో పాత కథ. 2005 మేలో బీబీసీ టీవీ వాతావరణ మ్యాప్‌ని త్రీడీ చేసింది. అంతకుముందు 1975 నుంచి మార్క్ అలెన్ అనే డిజైన్ విద్యార్థి గీసిన మబ్బు, చినుకు గుర్తులు ఉండేవి, 30 ఏళ్లు నడిచాయి. కొత్త మ్యాప్‌లో ఆ గుర్తులు పోయి, నేల గోధుమరంగుకి తిరిగి, మ్యాప్ మొత్తం విమానంలోంచి చూస్తున్నట్టు వెనక్కి వాలింది. వాలినప్పుడు దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కదా, దక్షిణ ఇంగ్లండ్ తెరంతా పరుచుకుంది, స్కాట్లండ్ మూలకి ముడుచుకుపోయింది. స్కాట్లండ్ జనం ఊరుకుంటారా? చివరికి బీబీసీ ఆ వాలు తగ్గించింది. నాకు ఈ కథ ఎందుకిష్టమంటే, గ్రాఫిక్స్ చేసినవాళ్లెవరూ స్కాట్లండ్‌ని చిన్నచూపు చూడాలనుకోలేదు, కెమెరా కోణం ఆ పని చేసిపెట్టింది.

ఇక అంకెల సంగతికొద్దాం. అందులో ఒకటి మహా తమాషాగా ఉంటుంది.

[తెర మీద: 68... 70... మధ్యలో ఖాళీ]

2021లో ఐఫోన్ వాడే కొందరు ఒక విషయం పట్టుకున్నారు. ఫోన్‌లోని వెదర్ యాప్ 68 ఫారెన్‌హీట్ చూపిస్తుంది, 70 చూపిస్తుంది, 69 మాత్రం ఎప్పుడూ చూపించదు. జోకులు పేలాయి, అవి మనకొద్దు. ఎక్కువమంది చెప్పిన కారణం ఇది: సమాచారం సెల్సియస్‌లో పూర్ణసంఖ్యగా వస్తోంది, యాప్ దాన్ని ఫారెన్‌హీట్‌కి మారుస్తోంది. 20 సెల్సియస్ అంటే 68. 21 అంటే 69.8, దగ్గరి అంకెకి తీసుకెళ్తే 70. మధ్యలో 69 రావడానికి దారే లేదు. ఈ లెక్కన చూస్తే ప్రతి 9 ఫారెన్‌హీట్ అంకెల్లో 4 ఎప్పటికీ కనిపించవు. ఒక డిగ్రీ తేడాతో ఎవరి కొంపా మునగదు గానీ, రోజూ చూసేవాళ్ల కన్ను ఎంత పదునుగా ఉంటుందో చూడండి.

డార్క్ స్కై సంగతి వేరు, అక్కడ జనానికి మిగిలింది దుఃఖమే. ఆడమ్ గ్రాస్‌మన్, జాక్ టర్నర్ అనే ఇద్దరు 2011లో జనం దగ్గర డబ్బు పోగుచేసి మొదలుపెట్టిన యాప్ అది. రాడార్ బొమ్మల్లో మబ్బు ఎటు కదులుతోందో చూసి, మీరున్న చోట ఇంకో ఎనిమిది నిమిషాల్లో చినుకులు అని చెప్పేది. 2020 మార్చిలో ఆపిల్ కొనేసింది. అదే ఏడాది ఆగస్టు 1న ఆండ్రాయిడ్‌లో ఆగిపోయింది, 2022 ఆఖరుతో ఐఫోన్‌లో కూడా. అందులోని పనులు చాలావరకు ఆపిల్ సొంత వెదర్ యాప్‌లోకి వచ్చాయి, ఆ మాట నిజమే. అయినా "అది ఇది కాదు" అన్నవాళ్లు బోలెడుమంది. డార్క్ స్కైలో రోజంతా ఒక నిలువు పట్టీగా ఉండేది, వాన ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో ఒక్క చూపులో తెలిసేది. అదే సమాచారం కొత్త యాప్‌లో వేర్వేరు కార్డుల్లో ఉంది. సమాచారం ఉంది, ఆ ఒక్క చూపు పోయింది.

[తెర మీద: 30% అని పెద్ద అక్షరాల్లో]

ఇక్కడ వాడేవాళ్లని కూడా కాస్త అనాలి. మనం పాత డిజైన్‌ని బాగా అర్థం చేసుకున్నామనుకుంటాం, అదీ పూర్తి నిజం కాదు. అమెరికా వాతావరణ శాఖ 1960ల మధ్య నుంచి వాన అవకాశాన్ని శాతాల్లో చెప్తోంది. 2005లో ఒక పరిశోధనలో ఆమ్‌స్టర్‌డామ్, ఏథెన్స్, బెర్లిన్, మిలాన్, న్యూయార్క్ జనాన్ని "రేపు వాన పడే అవకాశం 30 శాతం అంటే ఏంటి" అని అడిగారు. రోజులో 30 శాతం సేపు పడుతుందన్నారు కొందరు, ప్రాంతంలో 30 శాతం మేర పడుతుందన్నారు ఇంకొందరు. రేపటిలాంటి రోజులు పది ఉంటే మూడు రోజులు వాన పడుతుందన్న సరైన అర్థాన్ని ఎక్కువమంది ఎంచుకున్నది న్యూయార్క్‌లో మాత్రమే.

రోజుకో బొమ్మ పెట్టే చోట కూడా ఇదే తంతు. 24 గంటల్ని ఒక్క మబ్బు బొమ్మలో కుక్కాలి. తెల్లవారుజామున ఒక గంట చినుకులు, మిగతా రోజంతా ఎండ అయితే ఏ బొమ్మ వేయాలి? ఎక్కువసేపు ఉన్నదాన్ని చూపిస్తే సూర్యుడు, ముఖ్యమైనదాన్ని చూపిస్తే వాన. నియమం మారితే అదే అంచనాకి బొమ్మ మారిపోతుంది, మనమేమో నిన్నటిదాకా సరిగ్గా చెప్పేది, ఇప్పుడు రోజూ వానే అంటోంది అని ఒక్క స్టార్ ఇచ్చి వస్తాం.

మార్పు అంటేనే జనం గొడవకి దిగుతారని కూడా అనుకోకండి. అమెరికా వాతావరణ శాఖ తన అంచనాలన్నీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే, అంటే అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లోనే రాసేది, టెలిప్రింటర్ల కాలంలో చిన్న అక్షరాలు పంపే వీలు లేక మొదలైన అలవాటు. చదువుతుంటే ఎవరో నెత్తిన ఎక్కి అరుస్తున్నట్టుండేది. 2016 మే 11 నుంచి మామూలుగా రాయడం మొదలుపెట్టారు. చదవడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, పైగా సులువైంది.

డిజైనర్ల వైపు నుంచీ చూడాలి. ఎరుపు, పచ్చ తేడా తెలియనివాళ్లకి పాత రాడార్ రంగులు కొన్ని ఒకేలా కనిపిస్తాయి. పాత సైట్లు ఫోన్ తెర మీద ఇమడవు, వాటి వెనకున్న సాఫ్ట్‌వేర్‌కి భద్రత ఉండదు. కాబట్టి మార్చక తప్పదు. నాకు నచ్చనిదల్లా రాత్రికి రాత్రి పాతది తీసేయడం. అదీ వానాకాలమో, తుఫాన్ల కాలమో ముంగిట్లో ఉన్నప్పుడు. కొన్నాళ్లు రెండూ పక్కపక్కన ఉంచితే, అదే మబ్బు కొత్త రంగుల్లో ఎలా ఉందో చూస్తూ చూస్తూ కన్ను అదే సర్దుకుంటుంది.

మీ యాప్ మారిపోయి ఉంటే తిట్టే ముందు ఒక పని చేయండి. రాడార్ తెరిచి, రంగుల పట్టీ పక్కన ఉన్న అంకెలు చదవండి, ముఖ్యంగా ఎరుపు ఎక్కడ మొదలవుతోందో. ఆ తర్వాత కూడా కోపం తగ్గకపోతే "పాతదే బాగుంది" అని రాయకండి, అలాంటివి వాళ్లకి వేలల్లో వస్తాయి. "గంటల వాన చూడ్డానికి ఇంతకుముందు ఒక్కసారి కూడా నొక్కే పని లేదు, ఇప్పుడు మూడుసార్లు నొక్కాలి" అని రాయండి, అది సరిచేయడానికి పనికొచ్చే మాట.

[తెర మీద: యాప్ సెట్టింగ్స్, ఒక కార్డుని వేలితో పైకి లాగుతున్నారు]

నా యాప్‌లో కార్డుల వరుస మార్చుకునే వీలు ఉంది, సెట్టింగ్స్‌లో మూడు పేజీల లోపల. గాలి నాణ్యతని కిందికి లాగేసి, గంటల వానని మళ్లీ ఎడమ మూలకి తెచ్చుకున్నా. ఆ నీలం గీత మీద వేలు నొక్కిపట్టుకుంటే అదేంటో కూడా చెప్తోంది, వాన పరిమాణమట, మిల్లీమీటర్లలో. ఆ 70 శాతం దాని కిందే ఉంది, సన్నటి బూడిదరంగు అక్షరాల్లో.