బోరు నీళ్ల ఇంటికి ఏ గీజర్ కొనాలి?

[దృశ్యం: నల్లగొండలో ఒక చిన్న ఇంటి స్నానాల గది. కుళాయి మూతి చుట్టూ పేరుకున్న తెల్లని పొర.]

నమస్కారం. గీజర్ కొనడానికి వెళ్లినవారు దుకాణంలో సాధారణంగా ముందు లీటర్లు, ఆ తరువాత ధర అడుగుతారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారు అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది: స్నానాల గదికి వచ్చేవి మిషన్ భగీరథ నీళ్లా, బోరు నీళ్లా?

మన బోరు నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది కానీ, గీజర్‌ను పాడుచేసేది అది కాదు. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి, నీటిని కాచే ఎలిమెంట్ మీద సున్నపు పొరగా గట్టిపడతాయి. ఆ పొర మందమైనకొద్దీ నీటికి వేడి సరిగా అందక, నీళ్లు కాగడానికి ఎక్కువ సేపు పడుతుంది, చివరకు ఎలిమెంటే కాలిపోతుంది. అందువల్ల బోరు నీళ్ల ఇంటివారు లోపల గాజు పూత ఉన్న ట్యాంకునూ, వీలైతే గాజు పూత ఉన్న ఎలిమెంట్‌నూ ఎంచుకోవడం మంచిది. ట్యాంకుకు తుప్పు పట్టకుండా తానే అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ లోపల ఉంటుంది. లవణాలు ఎక్కువైన నీటిలో అది త్వరగా కరిగిపోతుంది కాబట్టి, ఏడాదికోసారి విప్పి చూపించాలి. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలకు మించకుండా ఉంచితే సున్నం పట్టడం తగ్గుతుంది.

[దృశ్యం: 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్, 15 లీటర్ల స్టోరేజ్ గీజర్ పక్కపక్కన.]

3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ చవకగా దొరుకుతుంది. అయితే చలికాలంలో 20 డిగ్రీలున్న నీటిని 40 డిగ్రీలకు తేవాలంటే, 3 కిలోవాట్ల ఎలిమెంట్ నిమిషానికి రెండు లీటర్లకు కొంచెం ఎక్కువ మాత్రమే ఇవ్వగలదు. బకెట్ నిండడానికి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పడుతుంది. వంటగదిలో గిన్నెలు కడగడానికి అది చాలు. నలుగురున్న ఇంట్లో స్నానాలకు నేను దాన్ని సూచించను.

బకెట్‌తో స్నానం చేసే చిన్న కుటుంబానికి 15 లీటర్ల స్టోరేజ్ గీజర్ సరిపోతుంది. అందులో 60 డిగ్రీలకు కాగిన నీళ్లలో అంతే చన్నీళ్లు కలిపితే, స్నానానికి తగిన 30 లీటర్లు వస్తాయి. ఇందుకు ఖర్చయ్యే కరెంటు సుమారు 0.7 యూనిట్, 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కు పట్టే సమయం ఇరవై నిమిషాల పైచిలుకు. ఊళ్లో వోల్టేజీ 200కు పడిపోతే అదే పనికి అరగంట దాకా పడుతుంది. ఇక స్టార్ గుర్తు చెప్పేది ప్రధానంగా, కాగిన నీళ్లు ట్యాంకులో నిలవ ఉన్నప్పుడు ఎంత వేడి పోతుందో. స్నానానికి ముందు వేసి, కాగగానే ఆపేసే ఇంట్లో దాని లాభం తక్కువ కాబట్టి, ఆ డబ్బును మంచి ట్యాంకు మీద పెట్టడమే మేలని నా అభిప్రాయం.

[దృశ్యం: స్విచ్ బోర్డు, దగ్గరగా.]

ఐఎస్ఐ గుర్తు లేని గీజర్‌ను ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. 3 కిలోవాట్ల గీజర్ సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాన్లు, లైట్ల కోసం వేసిన సన్నని తీగ దాన్ని మోయలేదు. 16 ఆంపియర్ల సాకెట్, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత పరీక్షింపజేసిన తరువాతే గీజర్ బిగించుకోండి. వేసవిలో మన నేల బాగా ఎండిపోయి ఎర్తింగ్ బలహీనపడుతుంది కనుక, ఎర్తింగ్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోస్తూ ఉండాలి.